ఆఖరి నెంబరు

తెనాలి బోసు రోడ్డుకు దగ్గర్లో ఒక ప్రెస్సు ఉంది. తండ్రి పెట్టాడు, కొడుకు నడుపుతున్నాడు. తండ్రి నాటి ట్రెడిల్ మిషను ఒకటి, కొడుకు కొన్న మినీ ఆఫ్‌సెట్టు ఒకటి, డీటీపీకి రెండు కంప్యూటర్లు, ఒక కటింగు మిషను, ముగ్గురు పనివాళ్లు. అదీ ఆస్తి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఊళ్లో ప్రతి కొట్టుకూ కొత్త బిల్లు పుస్తకాలు కావలసివచ్చాయి. మూడు నెలలపాటు ప్రెస్సులో రాత్రిళ్లు కూడా మిషను ఆగలేదు. ప్రెస్సాయన ఆ ఊపులో కొత్త షట్టరు పెట్టించాడు, కౌంటరుకు గాజు పలక వేయించాడు. తర్వాత కొట్లవాళ్లే కంప్యూటర్లు కొనుక్కున్నారు. బిల్లులు వాటిలోంచే రావడం మొదలెట్టాయి. క్యాలెండర్ల పని ఎప్పుడో శివకాశికి పోయింది. పోస్టర్ల పని ఫ్లెక్సీ వాళ్లు పట్టుకుపోయారు. మిగిలింది శుభలేఖలు. వెయ్యి కార్డులు వేయించే ఇళ్లు నూటయాభైకి దిగాయి. దేవుడి దగ్గర పెట్టడానికి, పెద్దవాళ్లకు బొట్టు పెట్టి ఇవ్వడానికి అవి చాలు. మిగతా ఊరంతటికీ వాట్సాప్.

2019 వేసవికి ప్రెస్సాయన మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చాడు. ఎంబీయే చదివాడు. వారం రోజులు కౌంటరులో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూశాడు. వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి బాగానే చూడగలిగాడు.

"మామయ్యా, జనం గుమ్మం తొక్కాలంటే ఒక వంక ఉండాలి," అన్నాడు.

"డిస్కౌంటు బోర్డు పెట్టాంగా."

"డిస్కౌంటంటే సరుకు నాసిదేమో అనుకుంటారు. పుణ్యం ఇద్దాం."

పథకం కాగితం మీద గీసి చూపించాడు. కాలవ అవతల అనాథపిల్లల హాస్టలు ఒకటి ఉంది. దానికి 116 రూపాయలు విరాళం ఇచ్చినవాళ్లకు ప్రెస్సు తరఫున వంద విజిటింగు కార్డులు ఉచితం. 116 పూర్తిగా పిల్లలకే. ప్రెస్సు ఒక్క పైసా ఉంచుకోదు.

"మరి మనకేం మిగులుతుంది?"

12 బై 18 షీటు మీద ఇరవై నాలుగు కార్డులు పడతాయి. నలుగురైదుగురివి కలిపి వేస్తే మనిషికి పడే ఖర్చు లెక్కలోది కాదు. ఆ మనిషి మాత్రం రెండుసార్లు ప్రెస్సుకు రావాలి. ప్రూఫు చూసుకోవడానికి ఒకసారి, కార్డులు పట్టుకెళ్లడానికి ఒకసారి. రెండుసార్లూ శుభలేఖల ఆల్బమ్ ఎదురుగా ఉంటుంది. అసలు సంగతి రసీదు పుస్తకంలో ఉంది. దాత చేతికి వెళ్లే ముక్క మీద పేరు, మొత్తం, తేదీ మాత్రమే ఉంటాయి. మన దగ్గర మిగిలే కౌంటరు ఫాయిలు మీద నాలుగు గీతలు ఎక్కువ. ఫోను నెంబరు. వ్యాపారం. ప్రస్తుతం ప్రింటింగు ఎక్కడ చేయిస్తున్నారు. నాలుగోది, రాబోయే శుభకార్యం.

ప్రెస్సాయన ఆ నాలుగో గీతను రెండుసార్లు చదివాడు. మేనల్లుడికి టీ తెప్పించాడు.

ఇద్దరూ హాస్టలుకు వెళ్లారు. కమిటీ సెక్రటరీగారు ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా జేబులో నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి. నలభై మంది పిల్లలు చాపల మీద పడుకుంటున్నారని, వానాకాలం గచ్చు చెమ్మగిల్లుతుందని, ఇరవై డబుల్ మంచాలకు కొటేషను తెప్పిస్తే 94,000 అన్నారని చెప్పారు.

"అంత కాకపోయినా చేతనైనంత పోగుచేద్దామండీ," అన్నాడు మేనల్లుడు.

సెక్రటరీగారు కళ్లజోడు సరిచేసుకుని ప్రెస్సాయన వంక చూశారు. "రసీదులు ఉంటాయా?"

"రసీదు లేకుండా రూపాయి తీసుకోం సార్."

"నెంబర్లు వేస్తారుగా?"

"మాది ప్రెస్సండీ," అన్నాడు ప్రెస్సాయన నవ్వి.

"అయితే కరపత్రంలో ఒక్క ముక్క వేయించండి. 'ఆఖరి రసీదు నెంబరు సభలో ప్రకటించబడును' అని."

మేనల్లుడికి ఆ ముక్క ఎంతో నచ్చింది. జనంలో ఆసక్తి పుడుతుందన్నాడు. దాన్ని పెద్దక్షరాల్లో వేద్దామన్నాడు.

కరపత్రం రెండు రంగుల్లో వచ్చింది. పైన ప్రెస్సు పేరు, మధ్యలో పిల్లల ఫొటో, కింద ప్రెస్సు ఫోను నెంబరు. హాస్టలు పేరు ఫొటో కింద ఉంది. ఆఖరి నెంబరు ముక్క ఎర్రరంగులో బాక్సు కట్టి ఉంది.

రసీదులు వేయడం మిగిలింది. ఆఫ్‌సెట్టు వచ్చినా నెంబరింగు, పర్ఫరేషను పనులు ఇప్పటికీ పాత ట్రెడిల్ మీదే అవుతాయి. చాలా చిన్న ప్రెస్సుల్లో అంతే. ముసలి మిషను ఏ పనికీ రాదని అమ్మేసినవాళ్లు తర్వాత నెంబర్ల కోసం పక్క ప్రెస్సుకు రీములు మోసుకెళ్లారు. నెంబర్లు వేసేది ఒక చిన్న ఇనుప దిమ్మ. లోపల అంకెల చక్రాలు ఉంటాయి. కాగితం మీద ఒక్కో దెబ్బ పడగానే చక్రం ఒక అంకె జరుగుతుంది. రసీదుకు ఒకటి, కౌంటరు ఫాయిలుకు ఒకటి, రెండు దిమ్మలు పక్కపక్కన బిగించాలి. రెండిట్లో అంకెలు ఒకటే ఉండాలి. ఒకటి తప్పితే పుస్తకమంతా చిత్తే.

మిషనుమన్ తండ్రి హయాం నుంచీ ఉన్నవాడు. చిన్న పుల్లతో చక్రాలన్నీ సున్నాకు తెచ్చాడు. చివరి చక్రం ఒక్కటీ 1 మీద నిలబెట్టి, చేతులు తుడుచుకుని పిలిచాడు.

"ఒకటి నుంచేగా బాబూ?"

"ఒకటి నుంచి మొదలెడితే ఎవరిస్తారు బాబాయ్?" అన్నాడు ప్రెస్సాయన. "ఒకటో నెంబరు రసీదు చేతిలో పెడితే, మనమే మొదటివాళ్లమా అని వెనక్కి చూస్తారు. ఐదొందల ఒకటి పెట్టు. ఇంతమంది ఇచ్చారంటే మనమూ ఇవ్వాల్సిందే అనుకుంటారు."

ఇది ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. కొత్తగా కొట్టు పెట్టి బిల్లు పుస్తకాలకు వచ్చిన ప్రతివాడికీ ఆయన ఇదే సలహా ఇచ్చేవాడు. బోణీ బిల్లు మీద 1 కనపడితే కొన్నవాడికి కొట్టు మీద నమ్మకం కుదరదట. సలహాకు డబ్బు పుచ్చుకునేవాడు కాదు. ఎందరికి ఇచ్చాడో గుర్తుంచుకునేవాడూ కాదు.

మిషనుమన్ పుల్లతో వందల చక్రాన్ని ఐదు దాకా తిప్పాడు. ఎర్ర ఇంకు పెట్టి, 501 నుంచి 1500 దాకా పది పుస్తకాలు దింపాడు.

మొదటి పుస్తకం సెక్రటరీగారికి చూపించారు. ఆయన మొదటి రసీదు మీద బొటనవేలితో నెంబరు తడిమారు. ఇంకు ఆరిందో లేదో చూస్తున్నారనుకున్నాడు ప్రెస్సాయన.

"బాగుంది," అన్నారు సెక్రటరీగారు. పుస్తకం తిరిగిచ్చేశారు.

పథకం పారింది. మొదటి రసీదు ఎదురు మందుల షాపాయన తీసుకున్నాడు. నెంబరు చూసి, "అప్పుడే ఐదొందల మంది అయ్యారా! నాకు ముందే చెప్పొద్దూ?" అని నొచ్చుకుని, కొట్లో కుర్రాడి పేరున ఇంకొకటి రాయించాడు. టైలర్లు వచ్చారు, ట్యూషను మాస్టర్లు వచ్చారు, ఎల్‌ఐసీ ఏజెంట్లు వచ్చారు. జీవితంలో విజిటింగు కార్డు అవసరం పడని కొబ్బరిబోండాల వ్యాపారి కూడా వచ్చి, వంద కార్డులు వేయించుకుని, బోండాంతోపాటు కార్డు ఇవ్వడం మొదలుపెట్టాడు.

మేనల్లుడు రోజూ వాట్సాప్ స్టేటస్‌లో నెంబరు పెట్టేవాడు. 'నేటికి 560 మంది దాతలు. మీరెప్పుడు?' పది రోజులకు, '640 మంది దాతలు. మీరెప్పుడు?' 700 దాటిన రోజు బాణాసంచా బొమ్మతో ఫ్లెక్సీ వేయించి షట్టరుకు కట్టాడు. ఆ పని మాత్రం బయటివాళ్ల దగ్గర చేయించక తప్పలేదు.

రాత్రి షట్టరు దించాక మామా మేనల్లుళ్లు కౌంటరు ఫాయిళ్లు ముందేసుకుని కూర్చునేవారు. నాలుగో గీత మీద మనుషులు మనసు విప్పి రాశారు. అమ్మాయి పెళ్లి. కార్తీకంలో గృహప్రవేశం. పిల్లవాడి ఒడుగు, తేదీ ఇంకా అనుకోలేదు. ఒకాయన 'నాన్నగారి సంవత్సరీకం' అని రాశాడు. మేనల్లుడు దాన్ని కూడా వదల్లేదు. స్మృతి కార్డుల నమూనాలు పట్టుకుని ఇంటికి వెళ్లివచ్చాడు. శుభలేఖలే పదిహేడు ఆర్డర్లు తగిలాయి. రెండు స్కూళ్లు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చాయి. ఒక నర్సింగు హోము ప్రిస్క్రిప్షన్ ప్యాడ్లు ఇచ్చింది. ప్రెస్సాయన మళ్లీ రాత్రి షిఫ్టు పెట్టాడు.

సెక్రటరీగారు రోజు విడిచి రోజు ఫోను చేసేవారు. క్షేమసమాచారాలు అడిగేవారు కాదు. "నెంబరు ఎంతైంది?" అనేవారు. చెబితే, "మంచిది," అని పెట్టేసేవారు.

జులై చివర్లో ఒకరోజు, "ఎనిమిది వందల పన్నెండండీ," అన్నాడు ప్రెస్సాయన.

"ఇక చాలు. ఆదివారం సభ పెట్టండి," అన్నారు సెక్రటరీగారు.

ఇంకో నెల సాగితే బాగుండేదని మేనల్లుడికి ఉంది. కానీ పిల్లల పెద్ద ఆయన. చాలన్నాక కాదనలేకపోయారు.

వసూలైంది మూడు వందల పన్నెండు రసీదుల సొమ్ము. 36,192 రూపాయలు. ఒక్క రూపాయి అటూఇటూ కాలేదు. ప్రెస్సాయన ఆ మొత్తానికి చెక్కు రాసి, కవరులో పెట్టి, కవరు జేబులో పెట్టుకున్నాడు. ఫొటో కోసం నాలుగడుగుల సన్‌బోర్డు చెక్కు ఒకటి తయారైంది. ఆఖరి నిమిషంలో ఎవరైనా దాతలు వస్తే మార్చుకోవచ్చని మేనల్లుడు అంకె వేయాల్సిన చోటు ఖాళీగా ఉంచాడు. సభలో అందరి ముందూ మార్కరుతో రాస్తే రక్తి కడుతుందన్నాడు.

హాస్టలు ఆవరణలో షామియానా వేశారు. దాతలకు కుర్చీలు, పిల్లలకు పట్టాలు. గేటు దగ్గర బల్ల మీద శుభలేఖల ఆల్బమ్‌లు మూడు పెట్టారు. వ్యాపారుల సంఘం అధ్యక్షుడు ముఖ్య అతిథి. ఆయన కూతురి నిశ్చితార్థం అయిందని కౌంటరు ఫాయిలు మీద ఉంది.

అధ్యక్షుడు మాట్లాడాడు. ప్రెస్సాయన లాంటివాళ్లు వీధికొకరు ఉంటే ఊళ్లో అనాథలు ఉండరన్నాడు. ప్రెస్సాయన తల వంచుకున్నాడు. శాలువా కప్పారు.

సెక్రటరీగారు మైకు తీసుకున్నారు. చేతిలో ఆఖరి పుస్తకం ఉంది.

"నేను లెక్కలవాణ్ని. ఉపన్యాసం రాదు. కరపత్రంలో వేసినట్టు ఆఖరి రసీదు నెంబరు చదువుతాను. ఎనిమిది వందల పన్నెండు. ఆ దాత సభలో ఉన్నారా?"

మూడో వరసలోంచి మోటారు రివైండింగు షాపు కుర్రాడు రసీదు పైకెత్తి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"రసీదుకు నూటపదహారు. పైసా ఉంచుకోమని కరపత్రంలో వేశారు. అంత మాట వేయడానికి గుండె ఉండాలి." సెక్రటరీగారు పిల్లల వైపు తిరిగారు. "ఎనిమిది వందల పన్నెండు నూటపదహార్లు ఎంతరా?"

పట్టాల మీద వేళ్లు కదిలాయి. వెనక వరసలోంచి ఒక పిల్లవాడు లేచాడు.

"తొంభై నాలుగు వేల నూట తొంభై రెండు సార్!"

"మళ్లీ చెప్పు. ఆఖరి కుర్చీలకు వినపడాలి."

వాడు మళ్లీ చెప్పాడు. ఈసారి షామియానా దాటి వినిపించింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. మందుల షాపాయన లేచి నిలబడి కొట్టాడు.

ప్రెస్సాయన మేనల్లుడి వంక చూశాడు. మేనల్లుడు ఫోనులోకి చూస్తున్నాడు. ఆ ఉదయమే పెట్టిన స్టేటస్ అందులో ఉంది. '812 మంది దాతలకు వందనాలు.'

"రాయవయ్యా, ఫొటో తీసుకుందాం," అన్నాడు అధ్యక్షుడు.

మార్కరు మూత తీయడానికి ప్రెస్సాయనకు కొంచెంసేపు పట్టింది. ముందు 9 వేశాడు. ఆగాడు. సెక్రటరీగారు పక్కనే నిలబడి, పిల్లవాడికి డిక్టేషను చెప్పినట్టు ఒక్కో అంకే అందించారు. నాలుగు. కామా. ఒకటి. తొమ్మిది. రెండు.

ఫొటో బాగా వచ్చింది. మరునాడు అందరి ఫోన్లకూ వెళ్లింది.

జనం పులిహోర తిని వెళ్లిపోయాక ప్రెస్సాయన సెక్రటరీగారిని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"సెక్రటరీగారూ, చిన్న పొరపాటు జరిగింది. రసీదులు ఒకటి నుంచి మొదలవలేదండీ."

"ఐదొందల ఒకటి నుంచి. చూశాను."

"మరి, ఆ ముందువి..."

"లేవు. అదీ తెలుసు."

ప్రెస్సాయన కుర్చీలో కూర్చున్నాడు. సెక్రటరీగారు బీరువా తెరిచి పాత రసీదు పుస్తకం ఒకటి తీసి ముందు పెట్టారు. హాస్టలు పేరు. పసుపెక్కిన కాగితం. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు. మూలన ఎర్ర ఇంకుతో 501.

"2008లో మీ దగ్గరే వేయించాను. ఒకటి నుంచి వేయమన్నాను. 'ఒకటి నుంచి మొదలెడితే ఎవరిస్తారండీ?' అన్నారు. ఆ ఏడాది ఆడిటరు మొదటి ఐదువందల రసీదుల సొమ్ము ఏదన్నాడు. ట్రెజరీలో ముప్పై ఏళ్లు చేసి, ఒక్కనాడు కూడా ఆ మాట పడలేదు నేను. అవి అసలు అచ్చే కాలేదని ఒక్క ముక్క రాసివ్వమని మీ దగ్గరికి రెండుసార్లు వచ్చాను. ప్రెస్సు పరువు పోతుందన్నారు."

"నాకు గుర్తు లేదండీ."

"నాకుంది. ఆడిటరుకు ఏదో ఒకటి చెప్పాలిగా. నేనే రాసిచ్చాను."

"ఏమని?"

సెక్రటరీగారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. లెక్కల పుస్తకం చివరి పేజీ తెరిచి, చెక్కు కోసం రెండో చెయ్యి చాపారు.

"'మొదటి ఐదువందల రసీదుల సొమ్ము ప్రెస్సువారి దగ్గర నుంచి రావలసియున్నది' అని. పదకొండేళ్లుగా ఏటేటా ఆ వాక్యం దించుకుంటూ వస్తున్నాను. ఈ ఏటితో కొట్టేస్తాను."